స్టావుడిన్ తినేసిన మా బుగ్గలను బాగుచేయించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. నేను గుంటూరు జిల్లాలో బట్టలు కుట్టుకుని బతికేదాన్ని. నాకు హెచ్ఐవీ ఉంది. 2006 నుంచి దాన్ని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నాను, ఒక్క పూట కూడా మానలేదు. ఇప్పుడు వైరల్ లోడ్ పరీక్ష చేస్తే నా రక్తంలో వైరస్ కనిపించదు. ముఖం చూస్తే మాత్రం జబ్బు తెలిసిపోతోంది. అందుకే ఈ ఉత్తరం.

2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఏఆర్‌టీని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టిన రోజుల్లో, ఆ మాత్రల్లో స్టావుడిన్ అనే మందు ఉండేది. నా ప్రాణం నిలిపింది అదే, ఆ మేలు మరవను. కానీ అది కొవ్వు కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది. బుగ్గల్లో, చేతుల్లో, కాళ్లలో కొవ్వు కరిగిపోతుంది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని క్రమంగా ఆపేయమంది. మాకూ తర్వాత మందు మార్చారు. పోయిన బుగ్గలు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని జాకెట్టు సరిచేస్తుంటే, ఎదురుగా నిలబడ్డవాళ్ల చూపు నా చెంపల మీదే ఉంటుంది. అక్కడ బొటనవేలు పట్టేంత గుంటలున్నాయి. ఒకావిడ అలాగే చూసి, సగం కుట్టిన గుడ్డ పట్టుకెళ్లిపోయింది. కరోనా రోజుల్లో మాస్కు పెట్టుకుని తిరిగినంత కాలం నన్ను ఎవరూ అలా చూడలేదండీ.

మా అనుమతి లేకుండా మా జబ్బు సంగతి బయటపెట్టకూడదని 2017 హెచ్ఐవీ చట్టం చెబుతోంది. నా ముఖమే బయటపెడుతుంటే నేనెవరి మీద కేసు పెట్టను?

దీనికి వైద్యం ఉంది. పాలీలాక్టిక్ ఆమ్లం అనే పదార్థం ఉంది. ఆపరేషన్లలో వాటంతటవే కరిగిపోయే కుట్లు కూడా ఈ జాతివే. దాని పొడిని శుద్ధమైన నీళ్లలో కలిపి చర్మం లోపలికి ఎక్కిస్తే, ఆ రేణువుల చుట్టూ ఒళ్లే చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అల్లుకుంటుంది. రేణువులు మెల్లగా కరిగిపోతాయి, అల్లిక మిగులుతుంది. రెండేళ్ల దాకా నిలవొచ్చు, తర్వాత మళ్లీ చేయించుకోవాలి. అమెరికాలో 2004లో దీనికి అనుమతి ఇచ్చింది హెచ్ఐవీ వల్ల బుగ్గలు పోయినవాళ్ల కోసమే. అలా పోయి మానసికంగా కుంగినవాళ్లకు ఈ ఇంజెక్షన్ల ఖర్చు భరించడానికి 2010లో అక్కడి ప్రభుత్వ బీమా మెడికేర్ ఒప్పుకుంది. ఒంట్లో ఇంకో చోటి కొవ్వు తీసి నింపే పద్ధతీ ఉంది, కానీ మాలో చాలామందికి తీయడానికి ఆ కొవ్వే మిగల్లేదు.

ఒక ఆసుపత్రిలో అడిగితే, "ఇది అందానికి చేసేదమ్మా, పథకంలో రాదు" అన్నారు. కాలిన చర్మానికి వైద్యం చేస్తే అందం కోసమని ఎవరూ అనరు కదా. మందు వల్ల పోయిన బుగ్గనూ అలాగే చూడండి.

స్టావుడిన్ వాడి బుగ్గలు పోయినవాళ్లకు ఈ వైద్యాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ పథకంలో చేర్చండి. ఎవరు ఏ మందు ఎన్నాళ్లు వాడారో ఏఆర్‌టీ సెంటర్ల రికార్డుల్లో ఉంటుంది. గుంటూరు జీజీహెచ్, విశాఖ కేజీహెచ్ లాంటి పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ డాక్టర్లే చేయాలి. సూది పొరపాటున రక్తనాళంలోకి దిగితే కంటిచూపు కూడా పోవచ్చు, బ్యూటీ పార్లర్లకు వదిలే పని కాదిది. మేం ఏఆర్‌టీకి వెళ్లే రోజునే ఈ డాక్టర్లూ చూసేలా ఏర్పాటు చేస్తే, ఇంకో రోజు కూలి పోదు.

ఇవన్నీ రాసిన అర్జీని సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చాను. నా పేరు అందులో ఉంది, ఇక్కడ రాయలేకపోతున్నాను.

ఇట్లు,
గుంటూరు జిల్లా నుంచి ఒక దర్జీ