బుల్డోజర్ కన్నా ముందు మాకు కబురు పంపండి

సంపాదకులకు నమస్కారం.

ఇళ్లకో, రోడ్డుకో చదును చేయబోయే స్థలంలో పెద్ద చెట్టు ఒకటి ఉంటే అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి. క్రేన్లు వస్తాయి, వేళ్లకు గోనెపట్టాలు చుడతారు, ఫొటోలు పేపర్లో పడతాయి. మంచిదే. కానీ ఆ చెట్టు చుట్టూ నేలలో ఉన్న దుంపలు, గడ్డి దుబ్బులు, తీగలు అదే రోజు జేసీబీ పళ్ల కింద నలిగిపోతాయి. వాటిని తవ్వి తీసి వేరే చోట నాటే వాలంటీర్లలో నేనూ ఒకదాన్ని. మా అందరి తరఫున ఒక్క విన్నపం చేసుకోవడానికే ఈ ఉత్తరం.

చూసేవాళ్లకు మా పని గునపంతో గుంత తవ్వి మొక్క పట్టుకుపోవడంలా ఉంటుంది. అడవినాభి అనే తీగ మొక్క దుంప ఒక్కటి తీసి చూస్తే తెలుస్తుంది అదెంత ఓపిక పనో. దుంప నాగలిలా వంగి రెండు పాయలుగా ఉంటుంది. సంస్కృతంలో ఈ మొక్కను లాంగలి అనడం అందుకే. మొలక వచ్చేది ఆ పాయల కొనల్లోంచే. కొన విరిగిందా, మిగతా దుంప ఎంత లావుగా ఉన్నా దాని మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకని జానెడు ఎడంగా గుంత తీసి, చివరి మట్టిని వేళ్లతోనే తొలుస్తాం. మొక్క నిండా విషం, గ్లవ్స్ లేకుండా ముట్టుకోం.

దీన్ని తీయాల్సింది తీగ ఎండిపోయి దుంప నిద్రలో ఉన్న నెలల్లో. అప్పుడేమో నేల మీద ఆనవాలే ఉండదు. కాబట్టి వానల్లో పువ్వు విచ్చినప్పుడే వచ్చి పక్కన ఒక గుర్తు పాతుకోవాలి. పసుపు నుంచి ఎరుపుకు తిరిగే రేకులు మంటలా పైకి లేచి ఉంటాయి గనక అప్పుడైతే ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు. అంటే ఒక్క మొక్క కోసం రెండుసార్లు రావాలి, మధ్యలో నెలల గడువు కావాలి.

పోయిన ఏడాది ఒక చోట ఇలాగే 40 దాకా గుర్తులు పెట్టుకున్నాం, వెదురు పుల్లలకు ఎర్ర గుడ్డ ముక్కలు కట్టి. పని మొదలుపెట్టే ముందు చెబుతామన్నారు స్థలం వాళ్లు. ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది, రేపు పొద్దున మిషన్ వస్తోంది, తీసుకుంటే ఇప్పుడే తీసుకోండి అని. తొమ్మిది మందిమి సెల్‌ఫోన్ లైట్ల వెలుగులో అర్ధరాత్రి దాకా తవ్వితే 11 దుంపలు దక్కాయి. వాటిలో మూడు ఆ తొందరలో కొన విరిగినవే. మర్నాడు వెళ్లేసరికి మా ఎర్ర గుడ్డలు మట్టికుప్పలో కనిపించాయి. ఆ స్థలం వాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. మొక్కను కదపడానికి కూడా ఒక కాలం ఉంటుందని వాళ్లకెవరూ చెప్పలేదు, అంతే.

ఇలాంటి పని ప్రభుత్వాలు పూనుకుని చేయించిన చోట్లున్నాయి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని కింగ్ కౌంటీ స్థానిక ప్రభుత్వమే ఈ కార్యక్రమం నడుపుతూ వచ్చింది. నిర్మాణాలు రాబోయే స్థలాల్లోంచి వాలంటీర్లు తీసిన మొక్కల్ని పాడైన నేలల్ని బాగుచేసే చోట్ల నాటుతారు. మొక్కలు తీసే వీలే లేకపోతే కనీసం పైమట్టినైనా కాపాడవచ్చు, అందులో నిండా గింజలుంటాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో బాక్సైట్ ఖనిజం తవ్వే చోట, జర్రా అనే చెట్ల అడవుల్లో పైమట్టిని వీలైనంతవరకు నిల్వ పెట్టరు, తవ్వకం పూర్తయిన చోట నేరుగా పరుస్తారు. కుప్పగా పోసి ఉంచితే గింజలు చచ్చిపోతాయని.

మా వైపు నుంచి కూడా కట్టుబాటు ఉండాలి. యజమాని రాసి ఇవ్వకుండా ఒక్క దుబ్బు పెకలించినా అది దొంగతనమే. తీసినవి అమ్మడం మొదలుపెడితే రక్షణ పేరుతో అడవుల దోపిడీకి దారి తెరిచినట్టు. ముఖ్యంగా ఆర్కిడ్ల విషయంలో ఈ భయం ఎక్కువ. అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసేందుకు 1975లో అమల్లోకి వచ్చిన సైటీస్ అంతర్జాతీయ ఒప్పందం ఆ కుటుంబం మొత్తాన్నీ తన జాబితాల్లో చేర్చిందంటే ఊరికే కాదు.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. మేం తీసుకెళ్లినవన్నీ బతకవు. ఆ రాత్రి దక్కిన వాటిలో ఈ వానలకు మొలిచినవి ఆరు. నేల మీద పెరిగే ఆర్కిడ్లయితే మరీ కష్టం. వాటి గింజ దుమ్ములా ఉంటుంది, దానికి సొంత ఆహారం ఉండదు, మట్టిలోని శిలీంధ్రం తోడు లేకపోతే మొలకే రాదు. ఇక ఆ మొక్కల మీద బతికే సీతాకోకచిలుకల్ని, చీమల్ని మేం బుట్టల్లో మోసుకుపోలేం. అందుకే, "వాలంటీర్లు వచ్చి మొక్కలు తీసుకెళ్లారుగా, ఇక అడ్డేముంది" అని ఎవరైనా మమ్మల్ని చూపించి మిగతా పచ్చదనాన్నీ ఊడ్చేస్తే మేం ఒప్పుకోం. స్థలంలో ఒక మూలనైనా ముట్టుకోకుండా వదిలే వీలుంటే ముందు అదే చేయాలి. అది కుదరనప్పుడే మా గునపం.

అధికారులకు మా విన్నపం ఇదీ: నిర్మాణానికి అనుమతి ఇచ్చే కాగితంలోనే, చదును చేయడానికి ముందు స్థానిక మొక్కల్ని గుర్తించి తీసుకునే అవకాశం ఇవ్వాలని ఒక షరతు చేర్చండి. అనుమతి వచ్చిన రోజే ఆ సంగతి అందరికీ తెలిసేలా పెట్టండి. ఒక వానాకాలం, దాని తర్వాత ఒక ఎండాకాలం దొరికితే మాకు చాలు. స్థలం యజమానులకు దీనివల్ల ఖర్చేమీ ఉండదు. గునపాలు, గోనెలు, తాగే నీళ్లు మేమే తెచ్చుకుంటాం. తీసిన గుంతలు పూడ్చే వెళ్తాం.

ఇట్లు,
ఒక వాలంటీర్