మంత్రి గారూ, వేటకు వెళ్లే ముందు మా కుర్రాళ్లకు ఇంజిన్ స్టార్ట్ చేయడం నేర్పించండి

గౌరవనీయులైన రాష్ట్ర మత్స్యశాఖ మంత్రి గారికి,

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మర బోట్ల ఇంజిన్లు బాగుచేసే మెకానిక్‌ని. నమస్కారాలతో రాస్తున్నాను.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం కాబట్టి బోట్లన్నీ జెట్టీకే కట్టేసి ఉంటాయి. నిషేధం ముగియగానే అందరూ ఒకేసారి బయల్దేరతారు. ఐస్ నింపేసి ఉంటుంది, పక్క బోటు కదిలిపోతుంటుంది, టెన్షన్. ఇంజిన్ అందుకోకపోతే సెల్ఫ్ కొడుతూనే ఉంటారు.

ఒక రాత్రి నన్ను పిలిచేసరికే కళాసీ (బోటు మీద కూలికి పనిచేసే) కుర్రాడు పది నిమిషాలుగా సెల్ఫ్ కొడుతున్నాడు. సెల్ఫ్ మోటారు మీద చెయ్యి పెట్టలేనంత వేడి. చల్లారాక ఒక్కసారి కొట్టించి పొగగొట్టం వంక చూశాను. పొగ లేదు. ఇంజిన్ తిరుగుతున్నా పొగ రాలేదంటే సిలిండర్లలోకి డీజిల్ ఎక్కట్లేదన్నమాట. ఫిల్టర్ కింది గిన్నె విప్పితే సగం నీళ్లే. రెండు నెలలు సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో చెమ్మ చేరి నీరై అడుగుకు దిగింది. నీళ్లు వంపేసి, ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొడితే ముందు నురగ వచ్చింది. బుడగ లేకుండా డీజిల్ వచ్చేదాకా కొట్టి స్క్రూ బిగించాం. రెండో సెల్ఫ్‌కి ఇంజిన్ అందుకుంది. డీజిల్ లైన్లో చేరిన గాలిని ఇలా బయటికి పంపడాన్నే ఎయిర్ తీయడం అంటాం. అది ఆ కుర్రాడికి అంతవరకు ఎవరూ చూపించలేదు.

సెల్ఫ్ పది పదిహేను సెకన్లకు మించి కొట్టకూడదని, మళ్లీ కొట్టే ముందు ఒకటి రెండు నిమిషాలు ఆగాలని వాళ్లకు తెలియాలి. చాలా రోజులు ఆగిన ఇంజిన్‌ని ముందు డీజిల్ ఆపే స్టాప్ లాగి చేత్తో రెండు చుట్లు తిప్పాలి. సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్ ఎంత నొక్కినా అవి అణగవు, పిస్టన్‌ని తోసే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ఆయిల్ మజ్జిగలా తెల్లగా కనిపిస్తే అసలు స్టార్ట్ చేయకూడదు. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడాలి.

నాకు ఎక్కువ భయం వంట గ్యాస్ గురించే. అది గాలికన్నా బరువు. లీకైతే బోటు అడుగునే నిలుస్తుంది. సెల్ఫ్ దగ్గర ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే ముందు ఇంజిన్ రూమ్ మూత తెరిచి కాసేపు గాలి ఆడనివ్వాలి, వాసన చూడాలి.

జెట్టీ దగ్గరైతే నేనున్నాను. నడిసముద్రంలో ఇంజిన్ అందుకోకపోతే గాలి ఎటు తోస్తే బోటు అటే పోతుంది.

విశాఖలోనే కేంద్రం నడిపే సిఫ్‌నెట్ ఉంది, మెరైన్ ఫిట్టర్ కోర్సు చెప్పే సంస్థ అది. కూలికి వెళ్లే కళాసీలు ఆ కోర్సులో చేరలేరు. నిషేధం ముగిసే ముందు వారం ఆ బోధకులను జెట్టీ మీదికే రప్పించండి. ఒక్కో బోటు నుంచి ఇద్దరు చొప్పున, తెలుగులో, చేత్తో చేయించి నేర్పించండి. ఇంజిన్ రూమ్ తలుపుకి ఈ జాగ్రత్తలు రాసిన రేకు ఒకటి కొట్టించండి.

ఎయిర్ తీసి చూపించడానికి ఇంజిన్, పానాలు మేం సర్దుతాం. తేదీ చెప్పించండి.

ఇట్లు,
ఒక బోటు మెకానిక్,
ఫిషింగ్ హార్బర్, విశాఖపట్నం