పట్టేసిన క్లచ్‌ని ట్రాక్టరుతో లాగించొద్దు

సంపాదకుల వారికి,

సంక్రాంతి దగ్గర పడుతోంది. కోనసీమలోనూ, భీమవరం, నరసాపురం వైపూ ఏళ్ల తరబడి షెడ్లలో కదలకుండా ఉన్న అంబాసిడర్, పద్మిని కార్లు ఈ రోజుల్లోనే బయటికొస్తాయి. కొత్త బ్యాటరీ పెడతారు, ఇంజను అందుకుంటుంది, గేరు మాత్రం పడదు. క్లచ్ పట్టేసిందనుకుని వెంటనే బండిని గేర్లో పెట్టి, తాడు కట్టి, ట్రాక్టరుతో గుంజిస్తారు. దయచేసి ఆ పని చేయొద్దని మీ పత్రిక ద్వారా యజమానులకు చెప్పాలనే ఈ ఉత్తరం.

ఆ గుంజుడికి క్లచ్ వదిలితే వదలొచ్చు. కానీ క్లచ్ ప్లేటు మధ్యనుండే స్ప్రింగులు విరగొచ్చు, ప్లేటు రెండు వైపులా ఉండే రాపిడి పొరని, అంటే లైనింగుని పట్టుకున్న రివిట్లు ఊడొచ్చు, వెనక యాక్సిల్ షాఫ్టు దెబ్బతినొచ్చు. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, పద్మిని అంతకు చాలా ముందే. మంచి పార్టు దొరకడమే గగనమైన బండిని చేతులారా పాడుచేసుకోవడం న్యాయం కాదు.

పెడల్ తొక్కనంతసేపూ క్లచ్ ప్లేటు ఇంజనుతో తిరిగే ఫ్లైవీలు చక్రానికీ దాన్ని నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటుకీ మధ్య నొక్కుకునే ఉంటుంది. దానికి రెండు వైపులా ఉన్నది పోత ఇనుమే. మన డెల్టా గాల్లో తేమ ఎక్కువ, అంతర్వేది, ఓడలరేవు వైపు దానికి ఉప్పుగాలి తోడు. మట్టినేల షెడ్డయితే కిందనుంచి కూడా చెమ్మే. ఇనుము మీద తుప్పు లేచి లైనింగుకి అంటుకుపోతుంది. ఇక పెడల్ తొక్కినా ప్రెషర్ ప్లేటు వెనక్కి జరుగుతుంది గానీ క్లచ్ ప్లేటు ఫ్లైవీలుని వదలదు.

అయితే గేరు పడని ప్రతి బండిలోనూ ప్లేటే పట్టేసిందని అనుకోకూడదు. ఇంజను ఆపి, చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు కింద క్లచ్ ఫోర్కుని, అంటే పెడల్ తొక్కుడుని లోపలి క్లచ్‌కి అందించే మీటని చూడాలి. ఫోర్కు నిండుగా కదులుతూ కూడా గేరు పడకపోతే తప్పు గేర్ బాక్సు ముందున్న క్లచ్ గూటి లోపలే. ఫోర్కు కదలకపోయినా, అరకొరగా కదిలినా తప్పు బయటే ఉంది కాబట్టి గేర్ బాక్సు దించే పనే లేదు. కేబులో రాడ్డో ఉన్న బండికి తుప్పు వదిలించి, గ్రీజు పెట్టి, పెడల్ ఆట (తొక్కగానే మొదట ఖాళీగా కదిలే మేర) సరిచేస్తే సరిపోతుంది.

పెడల్ తొక్కుడుని బ్రేక్ ఆయిల్ ద్వారా ఫోర్కుకి పంపే ఆయిల్ క్లచ్ అయితే పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండరు, ఫోర్కు దగ్గరి స్లేవ్ సిలిండరు రెండూ విప్పాలి. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, ఆ నీరు సిలిండరు లోపలి గోడని తినేస్తుంది. గోడ మీద గోరు పెట్టి గీస్తే గుంటలు తగిలాయంటే కొత్త రబ్బరు కిట్ వేసినా కొద్దిరోజుల్లో మళ్లీ కారుతుంది, సిలిండరు మార్చాల్సిందే. కడగడానికి బ్రేక్ ఆయిలే వాడండి. పెట్రోలు, కిరోసిను తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది. పెడల్ తిరిగి పైకి రావడం ఆలస్యమైతే రబ్బరు పైపు లోపల పూడుకుపోయిందేమో చూడండి. బిగించాక లోపలి గాలి తీయడానికి స్లేవ్ సిలిండరు మీది నిపిల్‌కి సన్నని గొట్టం తగిలించి, దాని రెండో కొసని ఆయిల్ పోసిన సీసాలో ముంచాలి. పెడల్ తొక్కాక నిపిల్ విప్పడం, నిపిల్ మూశాకే పెడల్ వదలడం, బుడగలు ఆగేదాకా ఇంతే. అర లీటరు డాట్ 3 ఆయిల్ చాలు. బ్రేకుల్లో ఉన్నదీ ఈ ఆయిలే కనుక అవీ అప్పుడే చూసుకోవాలి.

నిజంగా ప్లేటే పట్టేసిందని తేలితే ముందు చేయాల్సింది ఓపిక పట్టడం. పెడల్‌ని పూర్తిగా తొక్కి, సీటు ఫ్రేముకీ పెడల్‌కీ మధ్య చెక్క బిగించి ఒకటి రెండు రోజులు వదిలేయండి. చాలాసార్లు తనంతట తనే వదులుతుంది. వదలకపోతే షెడ్డు బయట న్యూట్రల్లో ఇంజనుని బాగా వేడెక్కనిచ్చి, ఆపి, మళ్లీ చెక్క పెట్టండి. వేడికి ఇనుము సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది, ఆ కదలికకే అతుకు తెగొచ్చు.

అప్పటికీ లొంగకపోతే వేడి ఇంజనుని ఆపి, రెండో గేరు వేసి, పెడల్ పూర్తిగా తొక్కిపట్టి స్టార్టు చేయాలి. బండి ముందుకు దూకుతుంది. పెడల్ వదలకుండానే యాక్సిలరేటరు ఇస్తూ తీస్తూ ఉంటే ప్లేటు ఊడి వస్తుంది. దీనికి ముందు బ్రేకులు బాగా పడుతున్నాయని రూఢి చేసుకోవాలి. చోటు కూడా ముఖ్యమే. పండగ నాటికి చేలన్నీ దాళ్వాకి (రెండో పంట వరికి) తడిసి ఉంటాయి కాబట్టి మనుషులు లేని ఎండిన కళ్లమో, ఖాళీ మైదానమో చూసుకోండి. ఒకపక్క కాలవ, ఇంకోపక్క రొయ్యల చెరువు ఉన్న గట్టు మీద వద్దే వద్దు. వెనక చక్రాలు జాకీ మీద లేపి కూడా చేయొద్దు, ఆ అదురుకి బండి జారి పడుతుంది.

క్లచ్ గూటికున్న ఇనస్పెక్షన్ రంధ్రంలోంచి డీజిలు, తుప్పు వదిలించే ఆయిలు పోసే అలవాటు మానాలి. క్లచ్ వదిలినా లైనింగు ఆయిలు పీల్చుకుని తర్వాత స్లిప్ అవుతూనే ఉంటుంది. గోదావరి వరదనీరు ఆ గూటిలోకి చేరిన బండి అయితే పై ప్రయత్నాలేవీ వద్దు. లోపల ఒండ్రు పేరుకుని ఉంటుంది, నేరుగా గేర్ బాక్సు దించండి.

గేర్ బాక్సు దించినప్పుడు ప్లేటొక్కటే మార్చి మూసేయడం మన షెడ్లలో జరిగే పెద్ద పొరపాటు. ఇంజను క్రాంకు షాఫ్టు కొసన ఉన్న చిన్న కంచు బుష్షు ఎండిపోతే గేర్ బాక్సు షాఫ్టుని పట్టేస్తుంది. అప్పుడు కొత్త ప్లేటు వేసినా గేరు కరకరలాడుతూనే పడుతుంది. కొత్త బుష్షుని ఒక రోజంతా ఇంజను ఆయిల్లో నానబెట్టి బిగించాలి. అంబాసిడర్ 1489 సీసీ ఇంజనుకి రిలీజ్ బేరింగు (ఫోర్కు నెట్టితే ప్రెషర్ ప్లేటుని వదిలించేది) కార్బన్‌ది, అరిగిందో పగిలిందో చూడాలి. గేర్ బాక్సు షాఫ్టు మీద ప్లేటు కూర్చునే గాళ్లకి గ్రీజు వేలితో పలచగా రాస్తే చాలు, ఎక్కువైతే చిమ్మి లైనింగు మీదే పడుతుంది. ప్రెషర్ ప్లేటు బోల్టుల్ని ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ పొడిని కంప్రెసరు గాలితో ఊదితే ఊపిరితిత్తులకి ముప్పు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారేయండి. షెడ్డులో పని నేర్చుకునే కుర్రాళ్లకి ఇది మొదటిరోజే చెప్పాలి.

పండగ అయ్యాక బండిని మళ్లీ షెడ్డులో పెట్టేవారు ప్లాస్టిక్ కవరు కప్పొద్దు, చెమ్మ లోపలే నిలుస్తుంది. నూలుగుడ్డ కప్పి, సిమెంటు నేల మీద ఉంచండి. పదిహేను రోజులకోసారి నాలుగైదు కిలోమీటర్లు తిప్పండి. అది కుదరనివారు వానాకాలమంతా పెడల్‌ని చెక్కతో తొక్కిపట్టి ఉంచి, నెలకోసారి కింద ఆయిలు కారుతోందేమో చూసుకోండి.

— పాత కార్ల మెకానిక్కులు కొందరు,
రావులపాలెం