మీ యాప్‌లో మారిషస్ పాఠం తప్పు, దయచేసి సరిచేయండి

నమస్తే అండి,

మాది కాకినాడ. మా పాప ఏడో తరగతి, మీ యాప్‌కి ఏడాది ఫీజు జూన్‌లోనే ఒకేసారి కట్టేశాం. పోయిన ఆదివారం మారిషస్ పాఠం చదివి క్విజ్ రాసింది. అక్కడ మొదట కాలనీ పెట్టిన యూరప్ వాళ్ళెవరు అంటే డచ్ వాళ్ళు అని పెట్టింది, మీ యాప్ రాంగ్ అని ఎర్రగా చూపించి బ్రిటిష్ వాళ్ళే కరెక్ట్ అంది. చాట్‌లో అడిగితే పిల్లల కోసం సింపుల్‌గా ఇచ్చాం అని చెప్పి కంప్లైంట్ క్లోజ్ చేసేశారు. సింపుల్‌గా చెప్పడం వేరు, తప్పు చెప్పడం వేరు కదండీ.

డచ్ వాళ్ళు 1598లో దిగి వాళ్ళ యువరాజు మారిస్ పేరు పెట్టారు, 1638లో మకాం పెట్టారు, జావా నుంచి చెరకు తెచ్చింది కూడా వాళ్ళే, 1710లో వదిలేసి పోయారు. 1715లో ఫ్రెంచి వాళ్ళు తీసుకున్నారు. బ్రిటిష్ వాళ్ళ చేతికొచ్చింది 1810 డిసెంబర్లో, అంటే మూడో వాళ్ళు. అప్పుడు కూడా ఫ్రెంచి వాళ్ళ చట్టాలు, మతం, ఆచారాలు అలాగే ఉంచుతామని ఒప్పుకున్నారు, అందుకే అన్నేళ్ళు బ్రిటిష్ పాలన ఉన్నా అక్కడ ఇప్పటికీ ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ భాష, ఫ్రెంచే ఎక్కువ వినిపిస్తాయి.

నాకు ఇంతకన్నా బాధేసింది ఇంకోటి. బ్రిటిష్ వాళ్ళు చెరకు తోటలతో దేశాన్ని అభివృద్ధి చేసి 1968లో స్వాతంత్ర్యం ఇచ్చారు అని ఒక్క లైన్ రాసి ఊరుకున్నారు. ఆ తోటల్లో ఒళ్ళు విరగ్గొట్టుకున్న వాళ్ళ సంగతి ఎక్కడా లేదు. మడగాస్కర్, మొజాంబిక్ నుంచి బానిసల్ని తెచ్చారు. 1835లో బానిసత్వం రద్దు చేసినప్పుడు నష్టపరిహారం యజమానులకి ఇచ్చారు, సుమారు 20 లక్షల పౌండ్లు, బానిసలకి ఒక్క పైసా లేదు, పైగా ఇంకో నాలుగేళ్ళు అదే యజమాని దగ్గర పని చేయాల్సొచ్చింది. ఈలోపే 1834 నవంబర్ 2న అట్లాస్ అనే ఓడలో కలకత్తా నుంచి 36 మంది కూలీలు దిగారు, ఆ తర్వాత దాదాపు నాలుగున్నర లక్షల మందిని తీసుకెళ్ళారు. పోర్ట్ లూయిస్‌లో వాళ్ళు ఎక్కిన 16 మెట్లు ఇప్పటికీ ఉన్నాయి, ఆప్రవాసీ ఘాట్ అంటారు, 2006లో యునెస్కో గుర్తించింది.

అందులో మన తెలుగు వాళ్ళున్నారండీ. మా పక్కనున్న కోరంగి రేవు పేరు మీదే అక్కడ వాళ్ళని కోరంగీలు అనేవాళ్ళు. ఇది చెప్తే మా పాప "మరి పాఠంలో ఎందుకు లేదు నాన్నా" అని అడిగింది, నా దగ్గర జవాబు లేదు. ఉగాదికి అక్కడ ఈరోజుకీ ప్రభుత్వ సెలవు.

ఇంక "ఇచ్చారు" అన్న మాట కూడా మార్చండి. 1936లో లేబర్ పార్టీ పెట్టుకున్నారు, 1937లో తోటల్లో సమ్మెలు, కాల్పులు, చావులు. 1948 ఎన్నికల్లో ఏదో ఒక భాష చదవడం రాయడం వచ్చినవాళ్ళకే ఓటు, పెద్దవాళ్ళందరికీ ఓటు దక్కింది 1959లో. 1967 ఎన్నికల్లో సుమారు 44 శాతం మంది స్వాతంత్ర్యం వద్దన్న వైపే ఓటేశారు, అంత గొడవ మధ్య రామ్‌గూలాం ప్రధానిగా 1968 మార్చి 12న దేశం అయింది. దానికి ముందే, 1965లో, మారిషస్ కింద ఉన్న చాగోస్ దీవుల్ని బ్రిటన్ విడదీసి తన దగ్గరే ఉంచుకుంది, తర్వాత అమెరికా స్థావరం కోసం అక్కడి జనాన్ని ఖాళీ చేయించింది. దేశాధినేతగా బ్రిటన్ రాణి బదులు రాష్ట్రపతి వచ్చింది 1992లో.

నాకు రిఫండ్ వద్దండి. ఆ క్విజ్ జవాబు మార్చండి, పాపకి కట్ చేసిన మార్కు వేయండి, పాఠంలో బానిసలు, కూలీల గురించి రాయండి, కోరంగి పేరు తప్పకుండా పెట్టండి. ఇదే పాఠం చదివిన మిగతా పిల్లలకి కూడా తప్పు సరిదిద్దామని మెసేజ్ పంపండి. ఎప్పటిలోగా చేస్తారో తేదీ వేసి ఈ మెయిల్‌కే రిప్లై ఇవ్వండి, మళ్ళీ చాట్‌కి పంపొద్దు.

ఇట్లు,
ఏడో తరగతి పాప నాన్న, కాకినాడ