పూలవాసన వేస్తే నాసిరకం ఆకేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పాతకాలపు వాసనల మీద వచ్చిన వ్యాసం చదివాను. కిరసనాయిలు దీపం, కొత్త పుస్తకం, బొగ్గుల ఇస్త్రీపెట్టె, అన్నీ బాగా రాశారు. పైపు పొగాకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశారు. నాసిరకం ఆకు కంపు తెలియకుండా పూలసెంటు కలిపేవారట! మాది పొగాకు పండించిన ఇల్లు. నేను ముప్ఫై ఒక్కేళ్లు బ్యాంకులో పనిచేస్తే అందులో సగం పొగాకు రైతుల అప్పులు రాయడంతోనే సరిపోయింది. పైపు తాగినవాణ్ని, మానినవాణ్ని కూడా. అందుకే ఈ ఉత్తరం. పొడుగైతే మీ కత్తెర మీ దగ్గరే ఉంది కదా.

మా ఊరు టంగుటూరుకు ఆరు కిలోమీటర్లు. చిన్నప్పుడు కాల్పు రోజుల్లో నాన్నతో పాటు బ్యారన్ దగ్గర, అంటే ఆకును వేడి పెట్టి ఆరబెట్టే కొట్టం దగ్గర, పడుకునేవాణ్ని. పచ్చాకు కర్రలకు కట్టి లోపల వేలాడదీశాక ఐదారు రోజులు మంట ఆరకూడదు, మీరకూడదు. ముందు ఆకు పసుపు తిరగాలి, తరవాత ఆ రంగు నిలవాలి, ఆఖరున ఈనె ఎండాలి. నాన్న ఒక ఆకు తీసి ఈనె విరిచి చూసేవాడు. టక్కుమంటే సరి. వంగిందా, ఇంకో రాత్రి జాగారమే. ఆ మూడో రోజో నాలుగో రోజో బ్యారన్ తలుపు సందులోంచి ఒక వాసన వచ్చేది. బెల్లం పాకం పక్కన ఎండు వరిగడ్డి పెట్టినట్టు ఉండేది. పొగాకు అంటే ఘాటు అనుకునేవాళ్లు ఆ వాసన ఎరగరు.

గ్రేడింగ్ మా పంచలో జరిగేది. ఆడవాళ్లు పది పన్నెండు మంది కూర్చుని బ్రైట్, మీడియం, లో గ్రేడ్ అని ఆకు ఏరేవారు. ఒకసారి, మార్చి నెల అయి ఉంటుంది, ఒకావిడ తలనిండా మల్లెపూలు పెట్టుకొచ్చింది. నాన్న ఆవిణ్ని ఆపి, పూలు తీసి బయట దడికి తగిలించి రమ్మన్నాడు. "ఆకు ఊరికే వాసన లాగేస్తదమ్మాయ్, బయ్యరు ముక్కు పెట్టి చూస్తాడు" అన్నాడు. అది నిజమే. పొగాకు పక్కన కిరసనాయిలు డబ్బా పెట్టినా, ఉల్లిపాయల బుట్ట పెట్టినా వాసన పట్టేస్తుంది. అప్పటికింకా వేలం పాటలు లేవు. పొగాకు బోర్డు గుంటూరులో వచ్చిందే 1976లో. కొనేవాడు ముక్కు చిట్లిస్తే ఆ బేలు గతి అంతే. సాయంత్రం వాడిపోయిన దండ తీసుకుంటూ ఆవిడ అంది: "నా పూల వాసన పడితే రేటు పెరగాల గానీ తగ్గడమేంది అన్నా?" పంచలో అందరూ నవ్వారు, నాన్న కూడా.

ఆవిడ మాట నిజం చేసిన ఊరొకటి ఇంగ్లండులో ఉందని నాకు 2014లో తెలిసింది.

అప్పటికి పైపు నాకు ముప్ఫై ఏళ్ల అలవాటు. మా బ్రాంచిలో ఖాతా ఉన్న ఒక ఆకు కొనుగోలు మేనేజరు రిటైరై సొంతూరు వెళ్తూ తన పాత బ్రయర్ చెక్క పైపు ఇచ్చి పోయారు. దాంట్లో దొరికిన పొగాకల్లా వేసి తాగాను. వెనిలా, చెర్రీ, చాక్లెట్... అన్నీ మిఠాయి కొట్టు వాసనలే. వాసన పక్కవాళ్లకు, నాలుక మంట మనకు.

మా అమ్మాయి ఇంగ్లండులోని లాంకస్టర్లో నర్సు. ఆ ఏడు దాని దగ్గర ఐదు నెలలు ఉన్నాం. ఒక శనివారం మమ్మల్ని కెండల్ తీసుకెళ్లింది. ఆక్సెన్‌హోమ్‌లో రైలు మారితే తరవాతి స్టేషనే. సున్నపురాయితో కట్టిన ఊరు, ఎటు చూసినా బూడిదరంగే. సన్నగా వాన. కెండల్ మింట్ కేక్ అని ఒకటి అమ్ముతారు. పేరుకే కేకు, నిజానికి పెప్పర్‌మింట్ వేసిన పంచదార అచ్చు. 1953లో ఎవరెస్టు ఎక్కినవాళ్లు కూడా పట్టుకెళ్లారట. మా ఆవిడ రెండు పొట్లాలు కొనుక్కుంది. నేను టౌన్‌హాలు పక్కన లోథర్ స్ట్రీట్‌లోకి తిరిగి ఒక పాత భవనం ముందు ఆగిపోయాను. గోడ మీద తలపాగా చుట్టుకున్న టర్కీవాడి బొమ్మ. అది నశ్యం, అదే ముక్కుపొడుం, నూరే కార్ఖానా గుర్తు.

ఆ ఊరు మొదట నశ్యానికే ప్రసిద్ధి. 1792లో థామస్ హారిసన్ అనే ఆయన స్కాట్లండులో పని నేర్చుకుని, నూరే సరంజామాతో సహా వచ్చి మొదలుపెట్టాడు. తరవాత గావిత్ అనే కుటుంబం ఆ ఇంటికి అల్లుడి వరసలో వచ్చి వ్యాపారం అందుకుంది. పంపకాలు జరిగి రెండు కంపెనీలయ్యాయి. నేను వెళ్లొచ్చిన మరుసటేడు రెండూ మళ్లీ ఒకటయ్యాయి. మన ఇళ్లలో విడిపోయినవాళ్లు ఇలా కలవడం తక్కువే లెండి.

నశ్యంలో గులాబీ, మల్లె, బెర్గమాట్ అనే నారింజ జాతి పండు లాంటి వాటి అత్తర్లు వేయడం వాళ్లకు తరతరాల పని. అదే చెయ్యి పైపు పొగాకు మీదా పడింది. ఎన్నర్‌డేల్ అని ఆ ప్రాంతంలోనే ఒక లోయ, ఒక సరస్సు ఉన్నాయి. ఆ పేరుతోనే ఒక పొగాకు ఉంది. ఆకును అణిచి, దిమ్మ చేసి, పలచటి బిళ్లలుగా కోస్తారు. దాన్ని ఫ్లేక్ అంటారు. కొట్టులో పెద్దాయన ఒక డబ్బా మూత తీసి నా ముక్కు ముందు పెట్టాడు. మొదట జెరేనియం ఆకు నలిపినట్టు, దాని వెనకే గులాబీ, ఆ తరవాత బాదంపాలు. అన్నిటికన్నా అడుగున, ఒక క్షణం ఆలస్యంగా, మా బ్యారన్ తలుపు సందు. వయసులో ఉన్నప్పుడైతే ఏడ్చేవాణ్ని కాదు.

అక్కడివాళ్లలోనే ఈ వాసన గిట్టనివాళ్లు చాలామంది. సబ్బులా ఉందంటారు, ముసలావిడ బీరువా తెరిచినట్టుందంటారు. మా ఆవిడ సరిగ్గా ఆ రెండో మాటే అంది. నాలుగేళ్ల మనవరాలు పెరట్లో నా పక్కన చేరి, "తాతయ్యా, నువ్వు సబ్బు తింటున్నావా?" అని అడిగింది. వాళ్లమ్మ వెంటనే దాన్ని లోపలికి లాక్కుపోయింది. పిల్ల దగ్గర పొగేంటి నాన్నా అని నన్నూ గట్టిగానే కోప్పడింది. తప్పు నాదే.

దాన్ని తాగడం కూడా ఓపికతో కూడిన పని. బిళ్లలు తడిగా ఉంటాయి. విప్పి కాగితం మీద అరగంట ఆరబెట్టాలి. వేళ్లతో నలిపి పైపులో మూడు దఫాలుగా నింపాలి. మొదటిసారి పసిపిల్ల చేత్తో, రెండోసారి ఆడమనిషి చేత్తో, మూడోసారి మగవాడి చేత్తో నొక్కాలని అక్కడ సామెత. మొదటి అగ్గిపుల్లకు పైన ఆకు ముడుచుకుని లేస్తుంది, దాన్ని అదిమి రెండోసారి వెలిగించాలి. ఆత్రపడితే పూలవాసన కాలిపోయి నాలుక మండుతుంది. పొయ్యిలో నిప్పు కాపాడినట్టు, ఆరీఆరకుండా లాగుతుండాలి. సగం దాకా పూలు ముందుంటాయి. ఆ తరవాత ఆకు ముందుకొస్తుంది, పూలు దాని వెనక నిలబడతాయి. ఒకసారి ఈ పొగాకు వేసిన పైపులో ఇంకేది వేసినా గులాబీ వాసనే వస్తుంది. కాబట్టి దానికి విడిగా ఒక పైపు కేటాయించాల్సిందే. ఊరగాయ జాడీలో నెయ్యి పోస్తామా?

ఇక మీ వ్యాసకర్త మాటకొస్తాను. ఇంగ్లండులో చాలాకాలం పొగాకులో పంచదార, మడ్డిపాకం లాంటివి కలపనిచ్చేవారు కాదు. జనం ఆరోగ్యం గురించి కాదు ఆ చట్టం. బరువు పెంచి సర్కారు సుంకానికి గండి కొడతారని భయం. సువాసన తైలం మాత్రం కొద్దిగా వేసుకోనిచ్చేవారు. పాకంలో ముంచితే ఎలాంటి ఆకైనా తియ్యగానే ఉంటుంది. నాలుగు చుక్కల అత్తరుతో ఆ పని అవదు. డబ్బా మూత తీసినప్పుడు ముక్కును మోసం చేయొచ్చేమో గానీ, వెలిగించాక నాలుక దగ్గర లో గ్రేడ్ ఆకు బండారం బయటపడుతుంది. సెంటుతో చెత్త ఆకు అమ్మినవాళ్లు లేరని నేననను. మన దగ్గరా ఉన్నారు, అక్కడా ఉండే ఉంటారు. ఆ మాట తెచ్చి అందరికీ అంటగట్టడమే నాకు నచ్చలేదు.

మనవాళ్లు పూలవాసన పొగాకును ఎప్పుడు తక్కువ చూశారు? కిళ్లీలో వేసే జర్దాకు గులాబీ, మొగలిపువ్వు వాసన ఉండాల్సిందే. ముక్కుపొడుంలో పరిమళం లేకపోతే మా తాత డబ్బీ తిప్పి ఇచ్చేసేవాడు. ఇంకో సంగతి చెప్తాను, మీ వ్యాసకర్త దీని మీద రాస్తే బాగుండేది. ఒకప్పుడు లండన్ నశ్యం దుకాణాల్లో మసూలిపటం పేరుతో ఒక రకం అమ్మేవారు. మన మచిలీపట్నమే! కలంకారీకి మచిలీపట్నం పేరు చెప్పనివాడు లేడు, ఈ నశ్యం సంగతి మాత్రం బందరువాళ్లలో ఎందరికి గుర్తుందో. మన రేవు పేరు మీద వాసనపొడుం పీల్చిన దేశంలో పైపుకు పూలవాసన పట్టించడం వింతేముంది?

కెండల్ పొగాకుల్లో కొన్నిటికి టాంకా గింజ పరిమళం ఉంటుంది. దక్షిణ అమెరికాలో పెరిగే చెట్టు గింజ అది. కొత్తగా కోసి ఆరబెట్టిన గడ్డి వాసన, దాంట్లో కాస్త వెనిలా, కాస్త బాదం. ఆ వాసన కొమారిన్ అనే పదార్థానిది. తినే వాటిలో దాన్ని కలపకూడదని అమెరికాలో 1954లోనే ఆపేశారు. అంటే పరిమళం కాబట్టి మంచిదే అనుకోవడానికీ లేదు.

ఆ మాట చెప్పాల్సిన అర్హత నాకుంది. పైపు పొగ మింగం కాబట్టి ఊపిరితిత్తులకు ఏం కాదని ముప్ఫై ఏళ్లకు పైగా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. 2021లో ఒంగోలులో పన్ను పీకించుకోవడానికి వెళ్తే, డాక్టరమ్మ చిన్న అద్దం పెట్టి ఎడమ దవడ లోపల తెల్లమచ్చ చూపించింది. సరిగ్గా పైపు కొరికి పట్టుకునే వైపు. ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజుల టెన్షన్ ముందు బ్యాంకు ఆడిట్లు ఏపాటివి? క్యాన్సర్ కాదన్నారు, మానకపోతే అవుతుందనీ అన్నారు. ఇంటికి వస్తూనే పైపులన్నీ పాత గుడ్డలో మూటకట్టి అటక మీద పెట్టేశాను. ఇప్పటికీ ఏడాదికోసారి వెళ్లి నోరు తెరిచి చూపించుకుని వస్తున్నాను. కుర్రవాళ్లు ఎవరైనా ఈ ఉత్తరం చదివి ముచ్చటపడి పైపు కొనుక్కుంటారేమోనని ఈ సంగతి దాచకుండా రాశాను. ఈ సంగతి అచ్చు వేయకుండా మిగతాది వేయకండి.

మళ్లీ మన గొడవకొద్దాం. విదేశం నుంచి వచ్చేటప్పుడు 125 గ్రాముల పొగాకు దాకా సుంకం లేకుండా తెచ్చుకోనిస్తారు. ఆ లెక్కన యాభై గ్రాముల డబ్బాలు రెండు తెచ్చుకున్నాను. రూపాయల్లో ఎంతయిందో మా ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు. పండగలకూ పబ్బాలకూ ఒకటి చొప్పున పైపు వెలిగిస్తూ ఏళ్ల తరబడి సాగదీశాను. ఒక డబ్బా ఎప్పుడో అయిపోయింది. రెండోదాని అడుగున మిగిలిన నాలుగు బిళ్లలను పైపులు మూటకట్టిన రోజే కొబ్బరిచెట్టు మొదట్లో పారబోశాను.

ఆ ఖాళీ డబ్బా మాత్రం ఉంది. ఇన్నాళ్లయినా మూత తీస్తే గులాబీ, బాదం, దాని వెనక ఆకు తెలుస్తూనే ఉన్నాయి. మీ చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపుతాను. మీ వ్యాసకర్తను ఒకసారి వాసన చూసి, అడుగున ఉన్నది నాసిరకం ఆకేనేమో చెప్పమనండి. చూశాక తిరిగి పంపండి. అందులో గుండుసూదులు పోసుకుంటానని మా ఆవిడ ఇప్పటికే రెండుసార్లు అడిగింది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి,
టంగుటూరు మండలం, ప్రకాశం జిల్లా