తాళంచెవి ఇచ్చాక మొదలయ్యే ఖర్చుకు పద్దు ఏది?

సంపాదకులకు,

మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు వచ్చే ఏడాది బడ్జెట్ అంచనాలు సిద్ధం చేసుకునే సమయమిది. ఫుట్‌పాత్‌ల మీద, బస్టాండ్లలో ఏళ్ల తరబడి బతికినవాళ్లకు ఇల్లు చూపించాలంటే ఇప్పుడు కాదనేవాళ్లు లేరు. చిక్కంతా డబ్బు ఏ పద్దులో పెడుతున్నామన్న దగ్గరే ఉంది. గోడలకు, మంచాలకు ఒక్కసారి పెట్టే మూలధన పద్దు దొరుకుతుంది, శిలాఫలకం కూడా అందులోంచే. ఆ ఇంట్లో మనిషి నిలదొక్కుకునేలా చూసే సహాయకుల జీతాలకు మాత్రం ఏటేటా వచ్చే రెవెన్యూ పద్దు ఉండదు. ఇల్లు చేతికొచ్చినవాళ్లలో కొందరు కొన్ని నెలలకే మళ్లీ రోడ్డెక్కడానికి పెద్ద కారణం ఇదే.

జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద 2013 నుంచి నడిచిన నిరాశ్రయుల షెల్టర్ల లెక్క చూడండి. 50 మంది ఉండే షెల్టర్ నిర్వహణకు ఏడాదికి 6 లక్షలు, అదీ ఐదేళ్లే. అంటే నెలకు 50 వేలు, మనిషికి వెయ్యి. కరెంటు బిల్లు, నీళ్లు, ఫినాయిలు, మూడు షిఫ్టుల మనుషులు, అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఈ డబ్బుతో కనీస వేతనమిచ్చి వాచ్‌మన్లను పెట్టడమే గగనం, ఇక సోషల్ వర్కర్ మాట ఎత్తనక్కర్లేదు. ఆ మిషన్ గడువూ 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లో అద్దె ఇళ్ల విభాగం ఉంది, అర్హుల జాబితాలో నిరాశ్రయులూ ఉన్నారు. కానీ అదీ ప్రధానంగా ఇళ్లు సమకూర్చడానికి ఉద్దేశించిందే. సహాయకుల ఖర్చు కార్పొరేషన్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి మోయక తప్పదు.

ఇదేమీ దయాధర్మం కాదు, మానసిక జబ్బున్న నిరాశ్రయుల విషయంలో చట్టమే చెబుతోంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ ప్రకారం కుటుంబం లేదనో, ఉండటానికి ఇల్లు లేదనో ఎవరినీ మానసిక చికిత్సాలయంలో ఉంచేయకూడదు. అలాంటివారికి కొద్దిమంది కలిసి ఉండే ఇళ్ల (గ్రూప్ హోమ్‌ల) వంటివి ఏర్పాటు చేయడమో, వాటికి తోడ్పడటమో ప్రభుత్వం పని. ఎలా నడపాలో తెలియదనీ అనలేం. చెన్నైలోని బాన్యన్ సంస్థ నలుగురైదుగురిని మామూలు వీధిలో ఒక అద్దె ఇంట్లో ఉంచి, సహాయకురాలిని తోడిచ్చి నడిపిస్తోంది.

అలాంటి ఇంటికి సిబ్బంది ఎందరు కావాలి? అంచనాల్లో ఎక్కువగా తప్పేది ఇక్కడే. వారానికి 168 గంటలు. ఒకరు 48 గంటలు చేస్తే, రాత్రీ పగలూ ఒక మనిషి ఉండాలంటే ముగ్గురున్నర మంది కావాలి. సెలవులు, జబ్బులు కలిపితే నలుగురు. అంచనాలో మాత్రం ‘కేర్‌టేకర్ - 1’ అని రాసి ఊరుకుంటారు. ఆ ఒక్కరూ రెండు నెలల్లో అలిసిపోయి మానేస్తే, కొత్తగా వచ్చినవారికి ఎవరు ఏ మాత్ర వేసుకుంటున్నారో తెలియదు. పక్కపక్కన రెండు మూడు ఇళ్లు తీసుకుంటే నలుగురైదుగురితోనే అన్నీ నడపొచ్చు. మొదటి మూడు నెలలు రాత్రి మనిషి తప్పనిసరి. తర్వాత నిలదొక్కుకున్న ఇంట్లో పగటికి, ఆ తర్వాత వారానికి రెండుసార్లు వచ్చి చూసుకునే స్థాయికి తగ్గించుకోవచ్చు. కానీ ఎవరికైనా జబ్బు తిరగబెడితే మళ్లీ పెంచే వీలు మంజూరు ఉత్తర్వులోనే ఉండాలి. వీరికి తోడు కాగితాల పని, ఆసుపత్రి పని చూసే సోషల్ వర్కర్ ఒకరు ఉండాలి, ఆ ఒక్కరి చేతిలో 25 మందికి మించకూడదు.

ఇంటి ఎంపికలోనూ పొరపాట్లు జరుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదలకు ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టించి, ఖాళీగా ఉన్న ఫ్లాట్లు ఇచ్చేద్దామనే ఆలోచన వినడానికి బాగుంటుంది. కానీ అవి జీ ప్లస్ త్రీ బ్లాకులు, అంటే కింది అంతస్తు మీద మరో మూడు. మోకాళ్లు అరిగిన మనిషికి మూడో అంతస్తు ఇవ్వడమంటే గదిలో పెట్టి తలుపు వేయడమే. ఊరి చివరి కాలనీ అయితే నెలనెలా మందుల కోసం ప్రభుత్వాసుపత్రికి వెళ్లాల్సినవాళ్లు ఆటో చార్జీలకు జడిసి మందులు ఆపేస్తారు. కింది అంతస్తు, బస్సు దిగి నడిచి వెళ్లేంత దూరం, విడి కరెంటు మీటరు, ఈ మూడూ షరతులుగా పెట్టాలి. విడి మీటరు ఎందుకంటే, సంక్షేమ పథకాలకు కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు మించకూడదన్న నిబంధన ఉన్నచోట నాలుగు ఇళ్ల వాడకం ఒకే మీటరు మీద పడితే అందరి అర్హతా గల్లంతవుతుంది.

ఇంట్లోకి కొనే సామానులో మనిషికొక తాళం వేసుకునే పెట్టె మరచిపోవద్దు. ఏళ్లపాటు సంచి తలకింద పెట్టుకుని పడుకున్నవాళ్లు మంచం ఇచ్చినా కొన్ని వారాలు నేలమీదే, సంచి తలకిందే పెట్టుకుని పడుకుంటారు. ‘మంచం వాడటం లేదు’ అని తనిఖీకి వచ్చినవారు రాసుకుపోనక్కర్లేదు. పెట్టెకు తాళం పడి, అందులో వస్తువు పోదన్న నమ్మకం కుదిరాక సంచి దానంతటదే పక్కకు పోతుంది. గ్యాస్ కనెక్షన్ వచ్చేదాకా అడ్రస్ ప్రూఫ్ అడగని 5 కిలోల సిలిండర్‌తో నెట్టుకురావచ్చు.

కాగితాలకు ఒక వరస ఉంది. మొదట ఆధార్: షెల్టర్ నిర్వాహకుడు ఆధార్ సంస్థ యూఐడీఏఐ నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం చిరునామాకు సరిపోతుంది. తర్వాత బ్యాంకు ఖాతా, వైకల్యం ఉంటే దాని శాతం తేల్చే సదరం శిబిరం, అది 40 శాతం లేదా అంతకు మించి ఉంటే పింఛను దరఖాస్తు. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 6,000 కాబట్టి మనిషి తన ఖర్చులో కొంత తానే పెట్టుకోగలడు. కానీ ఈ వరస పూర్తవడానికి నెలలు పడుతుంది, అంతవరకు అద్దెలో వాటా అడగకూడదు. ఇంకొక మెలిక: వార్డు సచివాలయంలో ఇంట్లో ఉన్న ఐదుగురినీ ఒకే కుటుంబంగా మ్యాప్ చేస్తే రేషన్ కార్డూ, పింఛనూ రెండూ ఇరుక్కుంటాయి. ఒక్కొక్కరినీ ఒంటరి వ్యక్తిగానే నమోదు చేయించాలి.

ఇక డబ్బు విడుదల. ఖర్చు చేసి, చేసినట్టు యుటిలైజేషన్ సర్టిఫికెట్ (వినియోగ ధ్రువపత్రం) పంపితే తర్వాతి విడత ఇస్తామనే పద్ధతి రోడ్డు పనికి నడుస్తుందేమోగానీ అద్దె ఇంటికి నడవదు. ఒక విడత రెండు నెలలు ఆలస్యమైతే ఇంటి ఓనరు ఖాళీ చేయమంటాడు. అసలే ఒప్పందాలు పదకొండు నెలలవి. ఒక త్రైమాసికం అద్దె, జీతాలు ఎప్పుడూ ముందుగా ఖాతాలో ఉండాలి. సహాయక సిబ్బంది కోసం టెండరు పిలిచి తక్కువ కోట్ చేసినవారికి కట్టబెట్టడం మానాలి. ఆ తక్కువ రేటు ఎక్కడినుంచి వస్తుందో అందరికీ తెలుసు, పనిచేసే ఆడవాళ్ల జీతంలోంచే. రేటు కార్పొరేషనే నిర్ణయించి, పని నాణ్యత మీద సంస్థను ఎంచుకోవాలి. ఆ నాణ్యత కొలిచేటప్పుడు ఎన్ని మంచాలు నిండాయని కాకుండా ఏడాది తర్వాత ఎందరు ఇంకా ఇంట్లో ఉన్నారని అడగాలి.

అద్దె ఒప్పందం సహాయం అందించే సంస్థ పేరున ఉండకూడదు. సంస్థ మారినా, మనిషి ఆ సంస్థతో పోట్లాడినా ఇల్లు పోకూడదంటే ఒప్పందం కార్పొరేషన్ పేరునో, ఉండేవారి పేరునో రాయించాలి. ఆసుపత్రిలో చేరినవారి చోటు కనీసం 90 రోజులు వారికే ఉంచాలి. ఆ రోజుల అద్దెను ‘ఖాళీ మంచం’ పేరుతో ఆడిట్‌లో అభ్యంతరపెట్టకుండా ఉత్తర్వులోనే ఒక వాక్యం చేర్చాలి. అడ్వాన్సులకు విడిగా ఒక నిధి కావాలి. ఇల్లు మారినప్పుడు తిరిగొచ్చిన అడ్వాన్సు సాధారణ నిధిలో కలిసిపోకుండా ఆ నిధికే జమ కావాలి. లేకపోతే రెండో ఇంటికి మళ్లీ కొత్త ఫైలు కదపాల్సి వస్తుంది.

ఇట్లు,
పట్టణ నిరాశ్రయుల పునరావాస రంగంలో పనిచేస్తున్న కొందరు