ఒక్క నటుడికి ఒక గంట ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక, సినిమాటోగ్రఫీ శాఖల మంత్రి గారికి నమస్కారాలు.

నేను పాతికేళ్లుగా నాటకాలు ఆడుతున్నాను. సీరియళ్లలో వచ్చే చిన్న వేషాలతో ఇల్లు గడుస్తుంది. నాలుగేళ్ల కిందట నేనొక్కడినే ఆడేలా గంటసేపటి నాటకం రాసుకున్నాను. చీరాల వైపు ఒక నేత కుటుంబం కథ. మగ్గం నేసే తండ్రి, తల్లి, నూలిచ్చి కూలికి నేయించుకునే మాస్టర్ వీవర్, చదువు మానేసిన కొడుకు అందరూ నేనే. స్టేజీ మీద ఒక కుర్చీ, చేతిలో మగ్గంలో నూలును అటూ ఇటూ లాగే ఒక నాడె, అంతే.

పదిమందితో ఆడేటప్పుడు మాట మరిచిపోతే పక్కవాడు అందుకుంటాడు. ఒంటరిగా ఆడేటప్పుడు ఆ ధీమా ఉండదు. తల్లిగా మాట్లాడుతున్నప్పుడు నా చూపు భర్త ముఖం ఉండాల్సిన ఎత్తులోనే ఆగాలి. జానెడు అటూ ఇటూ అయితే అక్కడ మనిషే ఉండడు. ఇంట్లో గోడ మీద సుద్దముక్కతో గీతలు గీసుకుని, ఆ చూపు కుదుర్చుకోవడానికే రెండు నెలలు పట్టింది.

తీరా తయారయ్యాక ఆడే చోటు లేదు. నాటక పోటీలు పెట్టే పరిషత్తుల్లో ఏకపాత్రాభినయం అంటే పది నిమిషాలు. అదీ రెండు నాటికల మధ్య, సెట్టు మార్చేలోపు తెర ముందు. ఒక ఊళ్లో నా కథలో కొడుకు ఇల్లు వదిలి వెళ్లే ఘట్టం ఆడుతుంటే, వెనక మేకులు కొడుతున్న చప్పుడు. వాళ్లను తప్పుపట్టను, వాళ్లకూ టైమ్ లేదు. పోనీ హాలు తీసుకుందామంటే నా ఒక్కడికీ, ఇరవైమంది ఉన్న నాటక సమాజానికీ అద్దె ఒకటే.

2023 డిసెంబరులో గుంటూరులో నంది నాటకోత్సవాలు జరిగాయి. పద్య నాటకం, సాంఘిక నాటకం, సాంఘిక నాటిక, బాలల నాటిక, కళాశాల నాటిక అని విభాగాలు పెట్టారు. ఒక్కడే ఆడే పూర్తి నాటకానికి అందులో చోటు లేదు. ఒంటి మనిషి రాత్రంతా జనాన్ని కదలనివ్వకుండా కూర్చోబెట్టడం మనకు కొత్త విషయమా? విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారు హరికథతో చేసింది అదే కదా!

నంది నాటకోత్సవాల్లో నలభై అయిదు నిమిషాల నుంచి గంట వరకు సాగే ఏక నట నాటకాలకు ఒక విభాగం పెట్టండి. ప్రభుత్వ కళాక్షేత్రాల్లో రిహార్సల్ గదుల్లాంటివి ఉంటే, వంద కుర్చీలు, నాలుగు లైట్లు వేసి తక్కువ అద్దెకు ఇప్పించండి. ఇంత చిన్న నాటకానికి పెద్ద హాలు అక్కర్లేదు. నటుడి కళ్లు కనిపించేంత దగ్గరగా ప్రేక్షకుడు ఉండాలి.

కందుకూరి వీరేశలింగం గారి జయంతి అయిన ఏప్రిల్ 16న తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుతున్నారు. వచ్చే ఏడాది ఆ రోజున ఏదో ఒక ఊళ్లో నాలాంటి వాళ్లకు తలా ఒక గంట ఇప్పించండి. కుర్చీ, నాడె నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
ఒక రంగస్థల నటుడు